కుండ తాగలేదు

ఉచ్చ పొయ్యరా నాన్నా, పొయ్యి. నా గౌను మీద పొయ్యి, ఈ ఆసుపత్రి దుప్పటి మీద పొయ్యి, కావాలంటే మీ నానమ్మ కొత్త తలగుడ్డ మీద పొయ్యి, ఇవాళ నిన్నెవరూ ఒక్క మాట అనరు. డాక్టరమ్మ డైపర్ వద్దంది. పాత గుడ్డ మడతపెట్టి నా ఒళ్లో పరిచి, నిన్ను దాని మీద ఉత్త ఒంటితో పడుకోబెట్టి, తడి తగిలిన వెంటనే పిలవమని చెప్పి వెళ్లింది. కొక్కేనికి వేలాడుతున్న ఆ చిన్న సీసా అయిపోయేలోగా నువ్వు పోయాలి. పోస్తే ఇక్కడే ఉంచి మందు ఎక్కిస్తుంది. పోయకపోతే కిడ్నీలు మొరాయించాయని అర్థమట, అప్పుడు ఫెర్గానా పెద్దాసుపత్రికి పంపాలట, అక్కడ వాటికి మిషన్లున్నాయట, అంబులెన్సుకి ముందే చెప్పి ఉంచింది. దారిలో తట్టుకుంటాడా అని అడిగాను. ఆవిడ నా ముఖం చూడకుండా సీసా కింద గొట్టానికున్న చిన్న చక్రాన్ని కాస్త తిప్పి, చుక్క పడే తీరు చూసి, మళ్లీ వస్తానని వెళ్లిపోయింది. అది జవాబేనని నాకు తెలుసు. మా ఊరు రిష్తాన్ నుంచి ఫెర్గానా రోడ్డు ఎలా ఉంటుందో కూడా తెలుసు, ఈ ఎండల్లో తారు కరిగి చక్రాలకి అంటుకుంటుంది, మా ఆయన మట్టి పళ్లేలు గడ్డిలో చుట్టి తీసుకెళ్తేనే రెండు పగులుతాయి. చుక్కల్ని లెక్కపెట్టను. లెక్కపెడితే తొందరగా అయిపోతుందేమోనని భయం.

గొట్టం చివరున్న సూది నీ తలలో ఉంది. చేతిలో నరం దొరకలేదు, కాలిలో దొరకలేదు, నీళ్లు లేక నరాలన్నీ ముడుచుకుపోయాయని నర్సు అంది. తలకి పక్కన జుట్టు గీకేసి అక్కడ గుచ్చింది. పెద్దల్ని పిలిచి, పలావు వండి, దువా చేసి తియ్యాల్సిన పుట్టువెంట్రుకలు, పాత బ్లేడుతో గంగాళం తోమినట్టు గీకేసింది. మా అత్తయ్య ఏమైనా అంటుందేమోనని చూశాను. నేల మీద వంగి ఆ నాలుగు వెంట్రుకలూ ఏరి రుమాలులో కట్టుకుంది. ఇప్పుడు మంచానికి అటు చివర కూర్చుని ఉంది సబోహత్ అత్తయ్య, రెండు అరచేతులూ ఒళ్లో తెరిచి పెట్టుకుని, పెదాలు కదుపుతూ. మేమిద్దరం ఇక్కడికి వచ్చాక ఒకరితో ఒకరం మాట్లాడలేదు. నాకు తెలిసి ఆవిడ ఇంతసేపు నోరు మూసుకోవడం ఇదే మొదటిసారి. వేరే రోజైతే ఈ మాట మా ఆయన చెవిలో వేసి నవ్వించేదాన్ని.

నీ కుడి చెంప చూడలేకపోతున్నాను, చూడకుండా ఉండలేకపోతున్నాను. చెవి ముందు మొదలై దవడ దాకా పొంగింది, చెవి తమ్మె పైకి లేచి నిలబడింది, చర్మం ఎర్రగా నున్నగా మెరుస్తోంది, ఆవంలోంచి అప్పుడే తీసిన పాత్రలా ముట్టుకుంటే కాలుతోంది. డాక్టరమ్మ సవ్రినోజ్ నీ నోట్లో వేలు పెట్టి చెంప లోపలివైపు చూపించి, పైనుంచి బొటనవేలితో చెవి దగ్గర నెమ్మదిగా ఒత్తింది. లోపల చిన్న బెజ్జంలోంచి తెల్లగా చీము వచ్చింది. నీ ఏడుపు, అప్పటిదాకా పిల్లికూన మూలిగినట్టున్న ఏడుపు, ఒక్కసారి గదంతా నిండింది, నాకు సంతోషం వేసింది, ఇంకా ఏడవగలడు అని. గవదబిళ్లలా అని అత్తయ్య అడిగింది. డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. "గవదబిళ్లలు ఇంత పసిగుడ్డుకి రావు పెద్దమ్మా. ఉమ్ము ఊరే గ్రంథి ఇది. ఒంట్లో నీళ్లు తగ్గితే ఉమ్ము ఊరదు. ఉమ్ము పారకపోతే నోట్లో ఉన్న క్రిములు ఆ దారినే ఎదురెక్కుతాయి." మా వీధి కాలువ గుర్తొచ్చింది. నీళ్లు వదిలినంతకాలం రాళ్లు కనపడతాయి, పైన మడి వాళ్లు నీళ్లు మళ్లించుకున్నాక రెండు రోజులకే పచ్చగా నాచు పట్టి కంపు కొడుతుంది. నీ నోట్లో కూడా అంతేనా నాన్నా. నీ కాలువకి నీళ్లు ఆపిందెవరు?

నీళ్లు నావే కదా. పాలు నావే కదా. రొమ్ములు గడ్డకట్టి రాళ్లలా ఉన్నాయి ఇప్పుడు కూడా, పాలు కారిపోతున్నాయి, గౌను ముందుభాగం తడిసి ఆరి అట్ట కట్టింది, ఇన్ని పాలు పెట్టుకుని నా బిడ్డ ఎండిపోయాడంటే ఎవరు నమ్ముతారు? నువ్వు నిద్రపోయేవాడివి. కొయ్య ఊయలలో చేతులూ కాళ్లూ పట్టీలతో బిగించి, పైన ఒకదాని మీద ఒకటి దుప్పట్లు కప్పి, ఈగ దూరకుండా, దిష్టి దూరకుండా, గాలి కూడా దూరకుండా. మేం అందరం అలాగే పెరిగాం, మా అమ్మ అలాగే పెంచింది, ఆవిణ్ణీ అలాగే పెంచారు, నేను ఊయలని ఒక్క మాట అనను. కానీ మేం వసంతంలో పుట్టాం. నువ్వు ఎండలు మండే ఆ నలభై రోజుల్లో పుట్టావు, పిట్టలు నోళ్లు తెరుచుకుని గోడ నీడన కూర్చునే రోజుల్లో. దుప్పటి ఎత్తి చూస్తే మెడ దగ్గర చెమట, కళ్లు మూసి, పెదాలు కాస్త తెరిచి. ఎంత బుద్ధిమంతుడు, ఏడవడు అనుకున్నాం. నిద్రపోయే పిల్లాణ్ణి లేపకూడదు, నిద్రలోనే ఎదుగుతాడు అంది అత్తయ్య. నేను కూడా లేపలేదు. ఎడమ రొమ్ము పగిలి నెత్తురు కారేది, నువ్వు పట్టుకుంటే ప్రాణం పోయేది, కాసేపు పడుకో నాన్నా అనుకున్నాను, ఇంకాసేపు, ఇంకాసేపు. డాక్టరమ్మ ఆ పగులు కూడా చూసింది. వాడికి చీము పట్టింది దీన్నించా అని అడిగాను. ఎక్కణ్ణించైనా రావచ్చు అంది, తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఇక ఆ కుండ. ఊయల కింద రంధ్రానికి వేలాడే చిన్న కుండ, నీ తొడల మధ్య పెట్టిన కొయ్యగొట్టంలోంచి అందులోకి దిగుతుంది ఉచ్చ, గుడ్డ తడవదు, ఒళ్లు ఒరుసుకుపోదు. నువ్వు కడుపులో ఉండగానే మా ఆయన స్వయంగా చేశాడు. పళ్లేలు చేసేవాడు, పెద్ద పెద్ద ఇళ్లవాళ్లు గోడకి తగిలించుకునే నీలి పళ్లేలు చేసేవాడు ముహ్సిన్, కొడుకు ఉచ్చకుండకి మూడు రోజులు కూర్చున్నాడు. దానికి నీలం పూత వేశాడు, అంచుకి దానిమ్మ పూలు గీశాడు. ఇది గోడకి తగిలించేదా కింద పెట్టేదా అని ఆటపట్టించాను. పళ్లేల మీద పూలు గీసేది నేను, నా కుంచె తీసుకున్నందుకు ఇంకా నాలుగు మాటలన్నాను. మూడో రోజో నాలుగో రోజో నుంచి కుండ తీసి చూస్తే అడుగున తడి మచ్చ. తర్వాత అది కూడా లేదు. మా అత్తయ్య చుట్టుపక్కల ఆడవాళ్లకి గొప్పగా చెప్పింది. "నా మనవడు మహా శుభ్రం తల్లీ, కుండ చూడండి, టీ పోసుకుని తాగొచ్చు." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత ఒకసారి, ఎందుకత్తయ్యా ఇంత పొడిగా ఉంటోంది అని అడిగితే, కొత్త మట్టి కదే, తాగేస్తుంది అంది. ఈ ఊళ్లో అది ఎవరూ కాదనరు. కొత్త కూజా మొదటి రోజు నీళ్లు తాగుతుంది, కొత్త గోలెం తాగుతుంది, కుమ్మరి కోడళ్లం, మాకు తెలియదా? ఇంకెక్కడైనా అయితే కుండ పొడిగా ఉంటే బిడ్డ వైపు చూస్తారు. మేం కుండ వైపు చూశాం.

సీసాలో సగం కంటే తగ్గింది. ఇందాక అంచు మీదున్న గీతకి పైన ఉండేది. నా తొడ మీద ఏదో వెచ్చగా తగిలింది, గుడ్డ కింద చెయ్యి పెట్టి చూశాను, నా చెమట. అత్తయ్య తల ఎత్తింది, నేను తల అడ్డంగా ఊపాను, మళ్లీ పెదాలు కదపడం మొదలుపెట్టింది. కిటికీకి కట్టిన తడి దుప్పటి ఆరిపోయి ఫ్యాను గాలికి ఊగుతోంది. పక్క మంచం మీదున్న పిల్ల తల్లి పుచ్చకాయ కోసి ఒక ముక్క నాకిచ్చింది, దాన్ని చేత్తో పట్టుకుని ఎంతసేపైందో, రసం మోచేతి దాకా కారింది. తిను అక్కా, పాలు పడతాయి అంది. పాలు పడటానికేం తక్కువ. ఆ పిల్ల బొద్దుగా ఉంది, డైపరు ఉబ్బి వేలాడుతోంది, మార్చాలని కూడా వాళ్లమ్మకి తోచడం లేదు. ఒక ఆడది ఇంకొక ఆడదాని బిడ్డ ఉచ్చని చూసి అసూయపడటం నేనెక్కడా వినలేదు.

నీ పేరు తుర్సున్. ఉండిపో అని అర్థం. ముందు బిడ్డ పోయిన ఇంట్లో ఆ పేరు పెడతారు మావాళ్లు. నీకు ముందు ఒక అక్క ఉండేది, చలికాలంలో పుట్టింది, నలభై రోజులు నిండకుండానే టీకా అని నేనే బయటికి తీసుకెళ్లాను, పది రోజులకి ఊపిరి ఆడక పోయింది. టీకా వల్ల కాదు, బయటికి తీసుకెళ్లినందుకు కాదు, గుండెలో పుట్టుకతోనే బెజ్జం ఉందని డాక్టర్లు చెప్పారు. అత్తయ్య విన్నది, తల ఊపింది, కానీ ఆమె లోపల గడప అనే మాట ఒక్కటే ఉండిపోయింది. ఈసారి దిష్టి తగలకుండా నీ తలగడ కింద చిన్న కత్తి, రొట్టె ముక్క, మిరపకాయ పెట్టింది, గుమ్మంలో రోజూ ధూపం వేసింది, నలభై నిండేదాకా నిన్ను గడప దాటనివ్వనంది. నేను ఎదురు చెప్పలేదు. నాకూ భయమే. మొన్న చెంప కాస్త పొంగినట్టు కనపడితే గవదబిళ్లలనుకుని, పలావు గంగాళం అడుగున మసి వేలితో తీసి నీ చెంప మీద గుండ్రంగా రాసింది, గవదలకి అది మందు మా వైపు. మసి కింద ఎర్రదనం ఎవరికీ కనపడలేదు. ఇక్కడ డాక్టరమ్మ స్పిరిట్ దూదితో తుడిచేసరికి కనపడింది, అత్తయ్య గోడ పట్టుకుంది.

ఆవిణ్ణి తిట్టుకోవాలని ఇందాకటి నుంచీ ప్రయత్నిస్తున్నాను. మాటలు సిద్ధంగా ఉన్నాయి, నాకు మాటలకి కరువా, పెళ్లైన ఏడాదే మా ఆడపడుచు నాకు సూదిమందు అని పేరు పెట్టింది. కానీ ఆ తెరిచిన అరచేతులు చూస్తుంటే నోరు రావడం లేదు. గీతల్లో ఇంకా మసి ఉంది.

నిన్న మధ్యాహ్నం మా ఆయన ఆవం దగ్గర్నుంచి అన్నానికి వచ్చాడు. వస్తూనే ఊయల కింద చూసి, ఇవాళ కూడా పొడేనా అన్నాడు. నాకు తిక్క రేగింది, నిద్ర లేదు, రొమ్ములు మండుతున్నాయి. "మీ కుండే తాగేస్తోందట, మీ అమ్మగారు చెప్పారు. ఇన్నేళ్లు మట్టి పిసికి, ఉచ్చ ఆగే కుండ చెయ్యలేకపోయారు." నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. తన పూతని అంటే మా ఆయన నవ్వడు, వాళ్ల తాతల కాలం నుంచి ఆ పూత గురించి ఎవరూ మాట అనలేదు. మెతుకు ముట్టకుండా కుండ విప్పి తీసుకెళ్లాడు. కడిగాడు, టీ తాగే పియాలాతో నీళ్లు పోశాడు, నీటి మట్టం దగ్గర బొగ్గుతో గీత గీసి అరుగు మీద నీడలో పెట్టాడు. ఊయలకి ఇంకేదో డబ్బా కట్టాం. ఈ పొద్దున్న పనికి వెళ్తూ ఆగి కుండలోకి చూశాడు. నేను పొయ్యి దగ్గరున్నాను. చాలాసేపు అలాగే వంగి ఉన్నాడు. కుండ అటూ ఇటూ తిప్పాడు, అడుగున అరచెయ్యి పెట్టి చూశాడు. లోపలికి వచ్చాడు. గొప్ప చెప్పుకుంటాడనుకున్నాను, చూశావా నా పూత అని. ముఖం మట్టిలా ఉంది. "కుండ తాగలేదు మస్తురా" అన్నాడు. నీళ్లు గీత మీదే ఉన్నాయి. ఇద్దరం ఊయల వైపు చూశాం. ఆ డబ్బా కూడా పొడిగానే ఉంది.

ఆ తర్వాతవి ముక్కలు ముక్కలుగా ఉన్నాయి. పట్టీలు విప్పుతుంటే నా వేళ్లకి ముడులు అందలేదు, ఆయన పళ్లతో లాగాడు. నిన్ను ఎత్తితే తల నడినెత్తి మీద గుంట పడి ఉంది, మెత్తగా, వేలు పెడితే దిగేంత. పెదాలు పేలిపోయాయి. పేరు పెట్టి పిలిస్తే కళ్లు తెరవలేదు. అత్తయ్య గుమ్మానికి అడ్డంగా నిలబడింది, రెండు చేతులూ చాపి. గడప దాటితే మొదటిదానికి పట్టిన గతే వీడికీ అని మా ముఖాల మీదే అంది. మా ఆయన ఎప్పుడూ అమ్మ మాటకి ఎదురు చెప్పి ఎరగడు. కుండ తెచ్చి ఆమె చేతుల్లో పెట్టాడు. "చూడండమ్మా. నా కుండలో తప్పు లేదు." ఆమె లోపలికి చూసింది. కుమ్మరి కూతురు, కుమ్మరి భార్య, కుమ్మరి తల్లి, ఆమెకి ఇంకేం చెప్పక్కర్లేదు. ఆమె చేతులు దిగిపోయాయి. పక్కకి తప్పుకుంది అనుకున్నాను, కానీ లోపలికి పరుగెత్తి, తలగడ కింది కత్తీ రొట్టె ముక్కా మూట కట్టుకుని, చెప్పులు తిరగేసి తొడుక్కుని, మాకంటే ముందు కారెక్కింది. ఇక్కడ నర్సు పరుపు సర్దుతూ ఆ కత్తి చూసి, వార్డులోకి కత్తి తెచ్చారేమిటని గొడవ చేసింది. గవదబిళ్లలా అని అడగడం కాక అత్తయ్య మాట్లాడింది ఆ ఒక్కసారే. "దాని పని అది చేసుకుంటుంది, మీ పని మీరు చూసుకోండమ్మా."

సీసా అయిపోవచ్చింది. మెడ దగ్గర కొంచెం మిగిలింది, ఒక పియాలా టీ అడుగున మిగిలేంత. డాక్టరమ్మ గొంతు వరండాలో వినపడుతోంది, డ్రైవరుతో, ఇంజను ఆన్ చేసి ఏసీ పెట్టుకోమని చెప్తోంది. కిటికీ అవతల మా ఆయన చెట్టు కింద నిలబడి ఉన్నాడు, ఆవం బూడిద గడ్డం మీద అలాగే ఉంది, అంబులెన్సు తలుపు తెరవడం చూశాడు, ఇటు తిరిగాడు, నన్ను చూస్తున్నాడు. నేనేం చెప్పను? ఒళ్లో గుడ్డ ఎలా పరిచానో అలాగే ఉంది. తుర్సున్, ఉండిపో నాన్నా. నిన్ను ఇంక శుభ్రంగా ఉండమని ఎవరూ అడగరు. ఇల్లంతా పాడుచెయ్యి, తివాచీలు పాడుచెయ్యి, మీ నాన్న గోడకి తగిలించే పళ్లేల్లో పొయ్యి. అంబులెన్సు ఇంజను మొదలైంది. పక్క మంచం తల్లి పుచ్చకాయ కొయ్యడం ఆపింది. నర్సు వచ్చి సీసా వైపు చూసి, నా వైపు చూసి, లెమ్మన్నట్టు చెయ్యి చాపింది. లేవడానికి కాలు కింద పెట్టాను.

నువ్వు కదిలావు. కదలడం కాదు, కాళ్లు రెండూ ఒక్కసారి దగ్గరికి లాక్కున్నావు, ముఖం ముడిచావు, ఆ వాచిన చెంప వల్ల ముడత ఒకవైపే పడింది. ఏడుస్తావనుకున్నాను. నా పొట్ట మీద వెచ్చదనం తగిలింది. చెమట అనుకున్నాను. చెమట ఇలా పాకదు. గౌనులోంచి తొడ మీదికి, తొడ పక్కనుంచి కిందికి, కొంచెమే, గుప్పెడు కూడా లేదు, ముదురు పసుపు, ఘాటు వాసన. నేను లేవలేదు. నోరు తెరిచాను, సూదిమందుకి మాట రాలేదు. అత్తయ్య చూసింది. వచ్చి నీ కింద గుడ్డలో చెయ్యి పెట్టింది, అరచెయ్యి బయటికి తీసి వెలుగులో చూసుకుంది, మసి గీతల్లో తడి. నర్సు పరుగున వెళ్లి డాక్టరమ్మని పిలుస్తోంది. డాక్టరమ్మ వచ్చింది, గుడ్డ పట్టుకుని చూసింది, ఆవిడ కూడా ఊపిరి వదిలింది. "పోశాడు. ఇంకో సీసా పెట్టండి. చెంప సంగతి తర్వాత, ఇవాళ ఎక్కడికీ పంపను." కిటికీలోంచి ఇంజను ఆపమని డ్రైవరుకి సైగ చేసింది. చెట్టు కింద మా ఆయన తల మీద చేతులు పెట్టుకుని నేల మీద కూర్చుండిపోయాడు.

అత్తయ్య రెండు అరచేతులూ కలిపింది, తడిది, పొడిది, ముఖం మీదికి ఎత్తి నుదురు నుంచి గడ్డం దాకా నెమ్మదిగా నిమురుకుంది, దువా ముగించేటప్పుడు అందరం చేసినట్టే. చెయ్యి తుడుచుకోలేదు. గుడ్డ మార్చనా అని నర్సు అడిగింది. కాసేపు ఉండనివ్వమన్నాను.